గర్భవతి అయిన భార్యను కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) స్పాన్సర్ చేయడం ఎలా?

పెళ్లయింది. స్పాన్సర్‌షిప్ ఫైల్ వేయబోతున్నారు, లేదా ఇప్పటికే వేసేశారు. ఈలోపు ఆవిడకి నెల తప్పింది. ఒకపక్క సంతోషం, ఒకపక్క టెన్షన్. ఇప్పుడే ఫైల్ వేయొచ్చా, డెలివరీ అయ్యేదాకా ఆగాలా? మెడికల్‌లో ఎక్స్‌రే సంగతేంటి? బిడ్డ పుడితే ఫైల్ మళ్ళీ మొదటికొస్తుందా? కెనడాలో ఉన్న మనవాళ్ళు పదే పదే అడుగుతున్న ప్రశ్నలివి. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రెండు సంగతులు తెలుసుకోండి.

గర్భవతి అన్న కారణంతో స్పాన్సర్‌షిప్‌ని తిరస్కరించరు. ఆరోగ్య సేవల మీద ఎక్కువ ఖర్చు పడుతుందన్న అభ్యంతరం స్పాన్సర్ చేసిన భార్యకి, భర్తకి, వాళ్ళ పిల్లలకి వర్తించదని ఇమిగ్రేషన్ చట్టంలోని 38(2) సెక్షన్ చెబుతోంది. కాబట్టి డెలివరీ ఖర్చు చూసి ఫైల్ ఆపేస్తారేమో అన్న భయం అక్కర్లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. మీ భార్య పీఆర్‌గా ల్యాండ్ అయ్యేలోపు (అంటే ఆ హోదాతో అధికారికంగా కెనడాలో అడుగుపెట్టేలోపు) బిడ్డ పుడితే, ఆ బిడ్డ సంగతి ల్యాండింగ్ కంటే ముందే ఫైల్లోకి చేరాలి. చెప్పకుండా ల్యాండ్ అయితే, రెగ్యులేషన్స్‌లోని 117(9)(డి) కింద ఆ బిడ్డను ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేసే దారి జీవితాంతం మూసుకుపోవచ్చు. 2019లో దీనికి కొంత సడలింపు ఇస్తూ ఒక తాత్కాలిక పాలసీ తెచ్చారు కానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ రిస్క్ తీసుకోకూడదు. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి.

మీ పరిస్థితి ఏది?

బిడ్డ ఎక్కడ పుడుతుంది, ఆ రోజుకి మీరు సిటిజనా, పీఆరా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

బిడ్డ కెనడాలో పుడితే పుట్టుకతోనే కెనడా సిటిజన్. తల్లి విజిటర్ వీసా మీద ఉన్నా సరే. ఒక్క దౌత్యవేత్తల పిల్లల విషయంలోనే ఇది వేరు.

మీరు కెనడా సిటిజన్‌షిప్ తీసుకున్నాక బిడ్డ ఇండియాలో పుడితే, మీ ద్వారా ఆ బిడ్డ పుట్టుకతోనే కెనడా సిటిజన్ అవుతుంది. స్పాన్సర్ చేయాల్సిన పని లేదు. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌కి అప్లై చేయాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది బిడ్డ పుట్టిన రోజుకి మీ స్టేటస్. ప్రమాణ స్వీకారం వచ్చే వారం, బిడ్డ పుట్టింది ఈ వారం అయితే బిడ్డ సిటిజన్ కాదు.

మీరు పీఆర్‌గా ఉండగా, మీ భార్య ఇంకా ల్యాండ్ కాకముందు బిడ్డ ఇండియాలో పుడితే, బిడ్డను డిపెండెంట్‌గా అదే ఫైల్లో చేర్చాలి. మనవాళ్ళలో ఎక్కువమందిది ఈ పరిస్థితే.

నాలుగోది చాలామంది ఊహించనిది. మీ భార్య కెనడా వచ్చి పీఆర్‌గా ల్యాండ్ అయింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మళ్ళీ ఇండియా వెళ్ళింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పీఆర్‌లే అయినా, అక్కడ పుట్టిన బిడ్డకి పీఆర్ రాదు, సిటిజన్‌షిప్ రాదు. బిడ్డకి విడిగా డిపెండెంట్ చైల్డ్ స్పాన్సర్‌షిప్ వేసి నెలల తరబడి ఎదురుచూడాలి. ఆ బిడ్డను వదిలి తల్లి రావడం కుదరదు. ల్యాండింగ్ అయిపోయాక కాన్పు కోసం వెనక్కి పంపే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ సంగతి వివరంగా చెప్పండి. అమ్మని, అత్తగారిని కెనడాకి పిలిపించుకోవడం చాలా కుటుంబాలకి దీనికంటే సులువు.

కావలసినవి

ఫారాలు: ఐఎంఎం 1344 (స్పాన్సర్ దరఖాస్తు, హామీ పత్రం), ఐఎంఎం 5532 (మీ బంధం వివరాలు), ఐఎంఎం 0008 (ఆవిడ పీఆర్ దరఖాస్తు), ఐఎంఎం 5669 (గతం వివరాలు), ఐఎంఎం 5406 (కుటుంబ సభ్యుల వివరాలు), ఐఎంఎం 5533 (చెక్‌లిస్ట్). ఫారాలు మారుతూ ఉంటాయి కాబట్టి, పాతవి ఫ్రెండ్ దగ్గర తీసుకోకుండా ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) సైట్ నుంచి వేసే వారంలోనే దించుకోండి.

పత్రాలు: మ్యారేజ్ సర్టిఫికెట్ (పెళ్లి పత్రిక, గుడి రసీదు సరిపోవు, రిజిస్ట్రార్ ఇచ్చినది కావాలి), ఆవిడ పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్లు, ఫోటోలు, మీ పీఆర్ కార్డ్ లేదా సిటిజన్‌షిప్ రుజువు, మీ ఉద్యోగం లెటర్, సీఆర్ఏ (కెనడా పన్నుల శాఖ) నుంచి నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీష్ లేదా ఫ్రెంచ్ అనువాదం, సర్టిఫైడ్ అనువాదకుడు చేసింది కాకపోతే దాంతోపాటు అనువాదకుడి అఫిడవిట్ ఉండాలి. అనువాదం కుటుంబ సభ్యులు చేయకూడదు.

గర్భానికి సంబంధించి: డెలివరీ తేదీ రాసి ఉన్న డాక్టర్ లెటర్, స్కాన్ రిపోర్ట్.

ఫీజులు: 2024 ఏప్రిల్ 30 నుంచి అమలైన రేట్ల ప్రకారం స్పాన్సర్‌షిప్ 85 డాలర్లు, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575. మొత్తం 1,205 కెనడా డాలర్లు. బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. తర్వాత బిడ్డను చేరిస్తే అవే రేట్ల ప్రకారం 175. రెండేళ్లకోసారి ఈ ఫీజులు పెంచుతారు, అందుకని కట్టే రోజున సైట్లో చూసి కట్టండి. తక్కువ కడితే ఫైల్ వెనక్కొస్తుంది.

1. డెలివరీ తేదీని, ఫైల్ టైమ్‌ని పక్కపక్కన పెట్టి చూడండి

క్యూబెక్ బయట భార్యాభర్తల స్పాన్సర్‌షిప్‌కి ఐఆర్‌సీసీ పెట్టుకున్న ప్రమాణం 12 నెలలు. కొన్ని ఫైళ్ళు ముందే అవుతాయి, కొన్ని దాటిపోతాయి. గర్భం సంగతి తెలిసేసరికే రెండో నెల దగ్గరపడుతుంది. అంటే ఈరోజు ఫైల్ వేసినా, పీఆర్ కంటే ముందే బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. బిడ్డ పుట్టేలోపు పీఆర్ వచ్చేస్తుందని ఆశపడి ప్లాన్ వేసుకోవద్దు. బిడ్డ ఫైల్ మధ్యలో పుడుతుందనే అనుకుని సిద్ధపడండి.

అలాగని డెలివరీ అయ్యేదాకా ఫైల్ ఆపడం కూడా నాకు సరైనదనిపించదు. ఆపితే క్యూలో మీ స్థానం వెనక్కి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. బిడ్డను తర్వాత చేర్చడానికి దారి ఉంది.

క్యూబెక్‌లో ఉంటే లెక్క వేరు. ఆ ప్రావిన్స్‌కి విడిగా హామీ దరఖాస్తు పెట్టాలి, తీసుకునే దరఖాస్తులకి పరిమితి ఉండొచ్చు, సమయం బాగా ఎక్కువ పడుతుంది.

2. మీకు స్పాన్సర్ చేసే అర్హత ఉందో లేదో చూసుకోండి

మీకు 18 ఏళ్లు నిండి ఉండాలి. పీఆర్ అయితే కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. సిటిజన్ అయితే బయట దేశంలో ఉండి కూడా వేయొచ్చు, ఆవిడకి పీఆర్ వచ్చాక కెనడాలో ఉంటామని చూపించాలి.

పీఆర్‌లకి ఇక్కడ ఒక హెచ్చరిక. భార్య గర్భవతి కదా, డెలివరీ దాకా పక్కనే ఉందామని ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి నెలల తరబడి ఇండియాలో ఉండిపోతే, మీరు కెనడాలో నివసించడం లేదని అర్హత పోవచ్చు. వెళ్ళి చూసి రావడం వేరు, అక్కడే ఉండిపోవడం వేరు. లీజు, ఉద్యోగం, బ్యాంక్ అకౌంట్ ఇక్కడ కొనసాగుతున్నట్టు చూసుకోండి.

డిజేబిలిటీ కాని కారణంతో సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటున్నవాళ్ళు, దివాలా నుంచి ఇంకా బయటపడనివాళ్ళు, తాము కూడా భార్య లేదా భర్త స్పాన్సర్‌షిప్ మీద వచ్చి అయిదేళ్లు నిండనివాళ్ళు స్పాన్సర్ చేయలేరు. భార్యకి, ఆవిడతో వచ్చే మామూలు డిపెండెంట్ పిల్లలకి కనీస ఆదాయం అంటూ నిబంధన లేదు. కానీ హామీ మాత్రం గట్టిదే: భార్యకి మూడేళ్లు, బిడ్డకి పదేళ్లు లేదా 25 ఏళ్లు వచ్చేదాకా, ఏది ముందైతే అది.

3. ఇన్‌లాండా, అవుట్‌లాండా?

ఇన్‌లాండ్ అంటే ఆవిడ కెనడాలో మీతో ఉంటూ వేసే ఫైల్, అవుట్‌లాండ్ అంటే ఆవిడ కెనడా బయట ఉన్నా వేయగలిగేది. ఆవిడ ఇండియాలో ఉంటే అవుట్‌లాండ్ ఒక్కటే దారి. ఆవిడ ఇప్పటికే మీతో కెనడాలో ఉంటే రెండూ కుదురుతాయి. ఇన్‌లాండ్‌లో వేసి, మధ్యలో కాన్పుకి ఇండియా వెళ్ళాలనుకుంటే ఇబ్బంది. తిరిగి రానివ్వకపోతే ఫైల్ చిక్కుల్లో పడుతుంది, తిరస్కరిస్తే అప్పీల్ హక్కు కూడా ఉండదు. ప్రయాణం చేసే అవకాశం ఏ కాస్త ఉన్నా అవుట్‌లాండే మేలు. కెనడాలో మీతో కలిసి ఉంటే అవుట్‌లాండ్ ఫైల్ మీద కూడా ఓపెన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే వీలు 2023 నుంచి ఉంది.

4. ఫారాలు నింపడం

పుట్టని బిడ్డను ఐఎంఎం 0008లో గానీ 5406లో గానీ రాయకండి. పేరు, పుట్టిన తేదీ లేకుండా ఆ గడులు నింపడానికి కుదరదు. "బేబీ ఆఫ్ ఫలానా" అని అంచనా తేదీతో నింపితే అనవసరమైన గందరగోళం.

దానికి బదులు ఒక పేజీ వివరణ లెటర్ పెట్టండి. అందులో మూడు విషయాలు చాలు: ఆవిడ గర్భవతి, డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ ఫలానా, బిడ్డ పుట్టగానే వివరాలు పంపి ఫైల్లో చేర్చమని కోరతాం. డాక్టర్ లెటర్ జత చేయండి. ఇలా చేస్తే తర్వాత బిడ్డ సంగతి చెప్పినప్పుడు ఆఫీసర్‌కి కొత్తగా ఏమీ అనిపించదు.

ఇంటిపేరు దగ్గర మనవాళ్ళకి వచ్చే తిప్పలు చెప్పనక్కర్లేదు. ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో వెనక, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. ఫారాల్లో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. మిగతా పత్రాల్లో తేడా ఉంటే లెటర్‌లో ఒక వాక్యంలో చెప్పండి. ఫైల్ నడుస్తుండగా ఆవిడ ఇంటిపేరు మార్చి కొత్త పాస్‌పోర్ట్ తీయించే పని పెట్టుకోవద్దు. పీఆర్ వచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చు.

5. బంధం నిజమైనదని చూపించడం

బిడ్డ రాబోతుందన్నది మంచి ఆధారమే. కానీ దాని మీదే ఆధారపడి మిగతావి తగ్గించకండి. ఆఫీసర్ తేదీలు లెక్కవేస్తారు. మీరు ఇండియా వెళ్ళిన తేదీలు (పాస్‌పోర్ట్ స్టాంపులు, టికెట్లు) గర్భం మొదలైన కాలానికి సరిపోవాలి. ఆ ప్రయాణం రుజువులు తప్పకుండా పెట్టండి.

పెళ్లి ఫోటోలు వందలకొద్దీ వద్దు. నిశ్చితార్థం, పెళ్లి, ఆ తర్వాతి ప్రయాణాలు, రెండు వైపుల కుటుంబాలు కనిపించేవి ఎంచి, కింద తేదీ, చోటు, ఎవరెవరున్నారో రాయండి. వాట్సాప్ చాట్ నెలకి ఒకటి రెండు పేజీలు చాలు. హాస్పిటల్ చెకప్‌ల గురించి మాట్లాడుకున్నవి, మీరు పంపిన డబ్బు వివరాలు సహజంగా నమ్మకం కలిగిస్తాయి.

పెద్దలు కుదిర్చిన పెళ్లి, చూపులయ్యాక నెలలోపే పెళ్లి అయితే, ఆ పద్ధతిని 5532లో విడమర్చి రాయండి. మనకి మామూలే అనిపించినా చదివే ఆఫీసర్‌కి కొత్త కావచ్చు. ఫోన్‌లోనో వీడియోలోనో జరిగిన పెళ్లి చెల్లదు, ఇద్దరూ పెళ్లి దగ్గర ఉండి తీరాలి.

6. సబ్మిట్, బయోమెట్రిక్స్

పీఆర్ పోర్టల్‌లో అన్నీ ఎక్కించి, ఇద్దరి సంతకాలు పడ్డాయో లేదో చూసి పంపండి. ఒక్క సంతకం లేకపోయినా, ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైల్ అసంపూర్ణమని వెనక్కి పంపుతారు. గర్భవతి విషయంలో ఆ ఆలస్యం మామూలు కంటే బాధ పెడుతుంది. ఫైల్ తీసుకున్నాక ఏఓఆర్ (ఫైల్ అందిందన్న రసీదు) వస్తుంది, బయోమెట్రిక్స్ లెటర్ వస్తే 30 రోజుల్లో వేలిముద్రలు ఇవ్వాలి. నెలలు నిండకముందే ఈ పని ముగించడం మంచిది.

7. మెడికల్, ఎక్స్‌రే

ఇక్కడే అందరికీ భయం. నిదానంగా చదవండి.

మెడికల్ చేయించుకోమని ఐఆర్‌సీసీ నుంచి లెటర్ వచ్చాకే, వాళ్ళ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. మీ గైనకాలజిస్ట్ ఇచ్చే రిపోర్ట్ చెల్లదు. పరీక్షలో శరీర పరీక్ష, రక్తం, మూత్రం, 11 ఏళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే గర్భవతి అని చెప్పండి. వెళ్ళిన రోజు రిసెప్షన్‌లో, డాక్టర్‌కి, ఎక్స్‌రే తీసే టెక్నీషియన్‌కి మళ్ళీ చెప్పండి. నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా చెప్పాలి. అప్పుడు రెండు దారులుంటాయి.

మొదటిది, ఎక్స్‌రే డెలివరీ తర్వాతకి వాయిదా వేయించుకోవడం. మిగతా పరీక్షలు అప్పుడే అయిపోతాయి, ఎక్స్‌రే వచ్చేదాకా మెడికల్ పూర్తి కానట్టు ఉంటుంది. ఫైల్ రద్దు కాదు, ఆగుతుంది. వాయిదా సంగతి ప్యానెల్ డాక్టర్ సిస్టమ్‌లో నమోదు చేస్తారు, అయినా మీరు కూడా ఐఆర్‌సీసీ సైట్లో ఉండే వెబ్‌ఫారమ్‌లో వాళ్ళకి తెలియజేయండి.

రెండోది, గైనకాలజిస్ట్‌తో మాట్లాడి, పొట్టకి లెడ్ ఆప్రాన్ వేసి తీయించుకోవడం. ఇది ఆవిడ ఇష్టం. ఎవరూ బలవంతం చేయకూడదు, ఫైల్ త్వరగా కావాలని మీరు కూడా ఒత్తిడి పెట్టకండి.

నేనైతే వాయిదా వైపే మొగ్గుతాను. ఎందుకంటే బిడ్డ ఎలాగూ ఫైల్ మధ్యలోనే పుడుతుంది, బిడ్డ మెడికల్ అయ్యేదాకా ఫైల్ ఎలాగూ ఆగుతుంది. తల్లి ఎక్స్‌రే, బిడ్డ మెడికల్ ఒకేసారి చేయించుకుంటే పోయే సమయం పెద్దగా ఉండదు. బిడ్డ కెనడాలో పుట్టబోతున్నా, సిటిజన్ కాబోతున్నా బిడ్డకి మెడికల్ అవసరం లేదు, అప్పుడు మాత్రం గైనకాలజిస్ట్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

మెడికల్ సాధారణంగా 12 నెలలు చెల్లుతుంది. పీఆర్ ఆలస్యమైతే మళ్ళీ అడగొచ్చు.

8. డెలివరీ ఎక్కడ?

ఇండియాలోనే అయితే మీ పని పత్రాల వరకే. కెనడాలో కావాలనుకుంటే విజిటర్ వీసా వేయాలి. స్పాన్సర్‌షిప్ ఫైల్ ఉందని వీసా ఇవ్వకూడదని రూలేమీ లేదు. శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశం, తాత్కాలికంగా రావాలన్న ఉద్దేశం రెండూ ఉండొచ్చని చట్టంలోని 22(2) ఒప్పుకుంటుంది. వీసా దరఖాస్తులో స్పాన్సర్‌షిప్ ఫైల్ నంబర్ రాయండి.

గర్భం సంగతి దాచకండి. వీసా ఫారంలో గానీ ఎయిర్‌పోర్ట్‌లో గానీ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అబద్ధం చెప్పి దొరికితే తప్పుడు సమాచారం కింద అయిదేళ్లు కెనడాకి దూరం చేస్తారు, పీఆర్ ఫైల్ కూడా పోతుంది. హాస్పిటల్ ఖర్చు మీరే పెట్టుకోగలరని చూపించే బ్యాంక్ స్టేట్‌మెంట్ ఆవిడ చేతిలో ఉండాలి.

ఖర్చు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. విజిటర్‌కి సాధారణంగా ప్రావిన్స్ హెల్త్ కార్డ్ రాదు. హాస్పిటల్, డాక్టర్, అనస్థీషియా బిల్లులు విడివిడిగా వస్తాయి, వేల డాలర్లు అవుతుంది, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో మామూలు కాన్పు ఖర్చు సాధారణంగా కవర్ కాదు. కొనేముందు గర్భం గురించి పాలసీలో ఏం రాసి ఉందో చదవండి, ఏజెంట్ నోటిమాట మీద ఆధారపడకండి. ఒంటారియోలో నివసిస్తున్నవారికి హెల్త్ కార్డ్ లేకపోయినా మిడ్‌వైఫ్ సేవలకి ప్రభుత్వమే చెల్లిస్తుంది, హాస్పిటల్ బిల్లు మాత్రం వేరు. పీఆర్ దరఖాస్తులో అర్హత ఖరారైనవారికి ఒంటారియోలో ఓహిప్ (ఆ ప్రావిన్స్ హెల్త్ కవరేజీ) రావచ్చు. మీ ప్రావిన్స్‌లో ఎలా ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

విమానం: 28 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ డాక్టర్ లెటర్ అడుగుతాయి, 36 వారాల తర్వాత చాలావరకు ఎక్కించుకోవు. ఆవిడ టికెట్ బుక్ చేసే ముందు ఆ ఎయిర్‌లైన్ రూల్ చూడండి, తిరుగు ప్రయాణం తేదీకి కూడా.

9. బిడ్డ పుట్టిన వెంటనే

ఇండియాలో పుట్టి, మీరు పీఆర్ అయితే వరస ఇది.

క) 21 రోజుల్లోపు జననం నమోదు చేయించండి. సాధారణంగా హాస్పిటలే పంపుతుంది, పంపిందో లేదో కనుక్కోండి. పేరు లేని బర్త్ సర్టిఫికెట్‌తో ఇక్కడ పని జరగదు. బారసాల తర్వాత చూద్దామనుకోకుండా, పేరు ముందే అనుకుని సర్టిఫికెట్‌లో రాయించండి. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే పడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే దిద్దించుకోండి.

ఖ) వెబ్‌ఫారమ్‌లో ఐఆర్‌సీసీకి అదే వారం తెలియజేయండి. పాస్‌పోర్ట్ వచ్చేదాకా ఆగొద్దు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బర్త్ సర్టిఫికెట్, మిగతావి త్వరలో పంపుతామన్న మాట చాలు.

గ) బిడ్డ పాస్‌పోర్ట్‌కి అప్లై చేయండి. తండ్రి కెనడాలో ఉంటే సమ్మతి పత్రం మీద ఇక్కడి ఇండియన్ కాన్సులేట్ అటెస్టేషన్ అవసరపడుతుంది. దానికేం కావాలో డెలివరీకి ముందే కనుక్కుని ఉంచితే రోజులు కలిసొస్తాయి.

ఘ) బిడ్డను చేర్చిన ఐఎంఎం 0008, 5406, 1344 కొత్తవి నింపి, బిడ్డ ఫీజు రసీదు, ఫోటోలు, పాస్‌పోర్ట్ కాపీతో పంపండి. చంటిబిడ్డకి బయోమెట్రిక్స్ లేవు, పీఆర్ హక్కు ఫీజు లేదు.

ఙ) బిడ్డ మెడికల్ లెటర్ వచ్చాక ప్యానెల్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పసిబిడ్డకి శరీర పరీక్షే ఉంటుంది, ఎక్స్‌రే ఉండదు.

బిడ్డ కెనడాలో పుడితే చేర్చడం, ఫీజు, మెడికల్ ఏవీ లేవు. కానీ 5406 కొత్తది నింపి బర్త్ సర్టిఫికెట్‌తో పంపి, బిడ్డ కెనడా సిటిజన్ అని చెప్పండి. ఇది చాలామంది వదిలేస్తారు.

మీరు సిటిజన్, బిడ్డ ఇండియాలో పుట్టింది అనుకుంటే అప్పుడూ ఇలాగే తెలియజేసి, పక్కనే సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. దానికి నెలలు పడుతుంది. ప్రయాణానికి కెనడా పాస్‌పోర్ట్ కావాలి, ఆ పాస్‌పోర్ట్‌తో ఇండియా దాటడానికి ఎఫ్‌ఆర్‌ఆర్‌వో (ఇండియాలో విదేశీయుల నమోదు కార్యాలయం) నుంచి ఎగ్జిట్ పర్మిట్ కావాలి. తల్లి టికెట్ కంటే ముందే ఈ రెండూ లెక్కలో పెట్టుకోండి.

10. సీఓపీఆర్ (పీఆర్ ఖరారు పత్రం) వచ్చేశాక బిడ్డ పుడితే

ల్యాండింగ్ పేపర్ చేతికొచ్చింది, వీసా స్టాంప్ పడింది, ఈలోపు కాన్పు అయింది. ఇప్పుడు ఆవిడ ఒక్కతే వచ్చి ల్యాండ్ అయి, బిడ్డను తర్వాత చూసుకుందాం అనుకోవద్దు. నేను మొదట్లో చెప్పిన ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. ప్రయాణం ఆపండి, ఐఆర్‌సీసీకి రాయండి, బిడ్డను ఫైల్లో చేర్పించి మెడికల్ చేయించండి. సీఓపీఆర్ గడువు దాటిపోతే కొత్తది ఇవ్వమని అడగొచ్చు.

తల్లి అత్యవసరంగా ముందు రావాల్సివస్తే ఇంకో దారి ఉంది. బిడ్డను తల్లితో రాని డిపెండెంట్‌గా ఫైల్లో చూపించి, మెడికల్ పూర్తి చేయించి, ఆ తర్వాత తల్లి ల్యాండ్ అవడం. అప్పుడు బిడ్డను తర్వాత విడిగా స్పాన్సర్ చేసే హక్కు మిగులుతుంది. ఇక్కడ కీలకం చెప్పడం ఒక్కటే కాదు, బిడ్డ మెడికల్ కూడా అయి ఉండాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

బిడ్డ సంగతి చెబితే ఫైల్ లేటవుతుందని దాచడం. లేటవడం నిజమే, కానీ ఆ కొన్ని నెలల కోసం బిడ్డ భవిష్యత్తును పణంగా పెట్టకూడదు.

కన్సల్టెంట్‌కి ఫోన్‌లో చెప్పి, ఐఆర్‌సీసీకి కూడా చెప్పినట్టేనని అనుకోవడం. కన్సల్టెంట్ వెబ్‌ఫారమ్ పంపినట్టు రుజువు అడిగి తీసుకోండి.

గర్భవతి కాబట్టి ఫైల్ ముందుకు జరుపుతారని ఎదురుచూడటం. ఆరోగ్యం విషమంగా ఉంటే డాక్టర్ లెటర్‌తో అడగండి, గర్భం ఒక్కటే కారణంగా చూపి ముందుకు జరుగుతుందని ఆశపెట్టుకోవద్దు.

విజిటర్‌గా వచ్చినవారు సాధారణంగా దొరికే ఆరు నెలల గడువు దాటాక పొడిగింపు గుర్తుకు రావడం. కాన్పు హడావుడిలో ఇది మరీ ఎక్కువ. గడువు తేదీని ఫోన్‌లో పెట్టుకుని, దానికి ముందే పొడిగింపు వేయండి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

వెబ్‌ఫారమ్ పంపగానే అందినట్టు ఆటోమేటిక్ ఈమెయిల్ వస్తుంది. దాన్ని, మీరు పంపిన వివరం స్క్రీన్‌షాట్‌ని దాచండి. బిడ్డ ఫైల్లో చేరిందనడానికి అసలు గుర్తు బిడ్డ పేరుతో మెడికల్ లెటర్ రావడం. అది వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు. చాలా రోజులైనా రాకపోతే మళ్ళీ రాయండి. అప్పటికీ స్పందన లేకపోతే అయిదు డాలర్ల ఫీజుతో ఫైల్ నోట్స్ తెప్పించుకుని, అందులో బిడ్డ పేరు ఉందేమో చూడండి. మీ ఎంపీ ఆఫీసును కూడా అడగొచ్చు. వాళ్ళు ఫైల్ ముందుకు నెట్టలేరు గానీ, అది ఏ దశలో ఉందో కనుక్కుని చెబుతారు.

సీఓపీఆర్ వచ్చినప్పుడు తల్లికి ఒకటి, పీఆర్‌గా వచ్చే బిడ్డకి ఒకటి ఉండాలి. ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ నంబర్లు అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే ల్యాండ్ అవకముందే చెప్పండి.

ల్యాండింగ్ రోజు ఆఫీసర్ కుటుంబంలో మార్పులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఫైల్లో ఉన్నదే ఆవిడ నోటి నుంచి రావాలి. ఆ తర్వాత సిన్ (సోషల్ ఇన్సూరెన్స్ నంబర్), హెల్త్ కార్డ్, బిడ్డ కోసం ఆర్‌సీ66 ఫారంతో కెనడా చైల్డ్ బెనిఫిట్. బ్రిటిష్ కొలంబియాలో హెల్త్ కవరేజీకి వచ్చిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగాలి. ఆ మధ్య కాలానికి తల్లికీ బిడ్డకీ ప్రైవేట్ ఇన్సూరెన్స్ ముందే తీసి ఉంచండి.